ఒకే తోవలో మూడుసార్లు మారే సర్కారు

సూర్యాపేట, కోదాడ అంటే ఇప్పుడు హైదరాబాద్–విజయవాడ హైవే మీద బస్సు ఆగే చోట్లు. మిర్యాలగూడ అంటే బియ్యం మిల్లులు. పాలకులు చేసిన చట్టాలను జనం ధిక్కరించిన లెక్కలు తీస్తే మాత్రం పాత నల్లగొండ జిల్లాలోని ఈ మూడు ఊళ్ల పద్దు చాలా పెద్దది. సుంకాలకు తిరగబడ్డవాళ్లు ఎవరంటే బడిలో మనకు చెప్పింది అమెరికా వలసల కథే. ఓడ ఎక్కి తేయాకు పెట్టెలు సముద్రంలో పారబోసిన బోస్టన్ వాళ్లే అందరికీ గుర్తు. ఆ కథకూ కోదాడ, సూర్యాపేటల మధ్య ఉన్న మన మునగాలకూ దూరపు చుట్టరికం ఉంది. అక్కడి చట్టాలకు సరిజోడు లాంటివి ఇక్కడా ఉన్నాయి. కొన్ని విషయాల్లో మనవాళ్లదే పైచేయి.

మధ్యలో మునగాల

స్వాతంత్ర్యానికి ముందు జగ్గయ్యపేట నుంచి సూర్యాపేటకు బండి కట్టుకుని బయల్దేరితే దూరం ఇంచుమించు డెబ్బై కిలోమీటర్లు. ఆ డెబ్బై కిలోమీటర్లలో సర్కారు మూడుసార్లు మారేది. జగ్గయ్యపేట ఇంగ్లీషువాళ్లది, మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లా. కోదాడ నిజాంది. కోదాడ దాటి కాస్త ముందుకు పోతే మునగాల పరగణా, అది మళ్లీ ఇంగ్లీషువాళ్లది. దాన్ని దాటితే సూర్యాపేట, మళ్లీ నిజాం. మునగాల చుట్టూ నాలుగు దిక్కులా నిజాం ఇలాకాయే. అయినా దాని రెవెన్యూ లెక్కలు కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో, పై అధికారమంతా మద్రాసులో. తెలుగు నేల మీద ఇంత వింత సరిహద్దు మరొకటి నాకు తెలియదు.

సరిహద్దు మారితే జెండాతో పాటు డబ్బూ మారేది. నిజాం వైపు హాలీ సిక్కా, ఇవతల కల్దారు. నూరు కల్దారు రూపాయలు కావాలంటే నూట పదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు లెక్కపెట్టాలి. పట్టుకెళ్లే సరుకుకు కరోడ్‌గిరి నాకా దగ్గర సుంకం కట్టాలి. ఆ సుంకం నూటికి అయిదు మించకూడదని 1802లో కంపెనీ, నిజాం ఒప్పందం రాసుకున్నారు. తపాలా బిళ్ల వేరు. కచేరీలో ఒకవైపు ఉర్దూ, మరోవైపు ఇంగ్లీషు. రెండు వైపులా కాపు మాట్లాడేది తెలుగే, కానీ ఏ కచేరీలోనూ పైకాగితం ఆ భాషలో ఉండేది కాదు.

ఈ ఏర్పాటు తెల్లదొరలతోనే పోయిందనుకుంటే పొరపాటు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డప్పుడూ మునగాల హైదరాబాద్ రాష్ట్రం నడుమ ఆంధ్ర ముక్కగానే మిగిలింది. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక కూడా మూడేళ్లు కృష్ణా జిల్లాలోనే ఉండి, 1959లో నల్లగొండ జిల్లాలో కలిసింది.

1765: ఒకే ఏడాది, రెండు కాగితాలు

1765 మార్చి 22న లండన్‌లో స్టాంపు చట్టానికి రాజముద్ర పడింది. అమెరికా వలసల్లో దస్తావేజు రాసినా, పత్రిక అచ్చేసినా, చివరికి పేకముక్కలు, పాచికలు అమ్మినా సర్కారు స్టాంపు ఉండాల్సిందే. పేకాట మీద కూడా పన్ను వేశారని చదివితే నవ్వొస్తుంది గానీ అక్కడివాళ్లు నవ్వలేదు. పార్లమెంటులో మా మనిషి ఒక్కడూ లేనప్పుడు మా మీద పన్ను వేయడానికి మీరెవరన్నారు. స్టాంపులు అమ్మే ఏజెంట్లను బెదిరించి రాజీనామాలు రాయించుకున్నారు. ఏడాది తిరగకముందే, 1766 మార్చిలో, ఆ చట్టం రద్దయింది.

అదే 1765లో, ఆగస్టు 12న, మొగలు చక్రవర్తి ఇచ్చిన ఫర్మానాతో ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాయి. ఆ మరుసటి ఏడు నవంబరులో నిజాం కూడా ఒప్పుకున్నాడు. శ్రీకాకుళం నుంచి కృష్ణ దాకా తెలుగు జిల్లాలు అలా చేతులు మారాయి. మునగాల కూడా ఆ పద్దులోనే మద్రాసు వైపు జమ అయింది. ఈ ఊళ్లలో ఉన్న రైతును మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. కాగితం రాసిన చక్రవర్తికి అప్పటికి ఈ జిల్లాల మీద పెత్తనమే లేదు. తనది కాని దాన్ని ధారాళంగా దానం చేసిన రికార్డేదైనా ఉంటే దీనికే ఇవ్వాలి.

అమెరికా కథలోని ఒక మనిషి నేరుగా మన కథలోకి నడిచి వచ్చాడు. 1781 అక్టోబర్ 19న యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్‌కు లొంగిపోయిన సైన్యానికి దళపతి కారన్‌వాలిస్. అయిదేళ్లకు, 1786లో, ఆయనే ఇక్కడ గవర్నర్ జనరల్. 1788లో గుంటూరు సర్కారును కంపెనీలో కలిపాడు. 1793లో బెంగాల్లో జమీందారీ శాశ్వత పద్ధతి పెట్టాడు. 1802లో అదే పద్ధతి మద్రాసు రాజధానికీ, దాంతో పాటు తెలుగు జమీందారీలకూ వచ్చింది. జమీందారు కంపెనీకి కట్టే పేష్కషు ఎప్పటికీ మారదు. రైతు జమీందారుకు కట్టేదానికి మాత్రం ఆ భరోసా లేదు. అమెరికాలో ఓడిన దొర పెట్టిన పద్ధతిని వదిలించుకోవడానికి తెలుగు రైతుకు 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం దాకా పట్టింది.

ధర తగ్గించినా పారబోసిన తేయాకు

బోస్టన్ తేయాకు గురించి చాలామందికి తెలియని విశేషమొకటి. 1773 చట్టం తేయాకు ధర పెంచలేదు, తగ్గించింది. అప్పుల్లో మునిగిన ఈస్టిండియా కంపెనీని గట్టెక్కించడానికి గోదాముల్లో పేరుకుపోయిన చైనా తేయాకును నేరుగా అమెరికాకు పంపి చవగ్గా అమ్ముకోమన్నారు. పౌనుకు మూడు పెన్నీల పాత పన్ను మాత్రం అలాగే ఉంచారు. చవగ్గా వస్తుంటే ఎవడు కాదంటాడని లెక్కేసుకున్నారు. 1773 డిసెంబర్ 16 రాత్రి 342 పెట్టెల తేయాకు సముద్రం పాలైంది. పన్ను చిన్నదా పెద్దదా అన్నది వాళ్ల తగువు కాదు. తమను అడగకుండా వేశారన్నదే తగువు. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే నల్లగొండలో జరిగింది కూడా సులువుగా బోధపడుతుంది.

తెలుగు నేల మీద దీనికి దగ్గరగా వచ్చేది చీరాల–పేరాల. అక్కడి జనం వద్దు మొర్రో అంటున్నా రెండు ఊళ్లను కలిపి మున్సిపాలిటీ చేశారు. పన్ను దాదాపు పదింతలైంది. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద 1921లో వేలమంది ఇళ్లు వదిలి ఊరి బయట రామనగర్ పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు గడిపారు. పన్నుకు కోపమొచ్చి సరుకు పారబోసిన ఊళ్లు లోకంలో చాలా ఉన్నాయి. ఊరినే ఖాళీ చేసిపోయిన ఊరు అరుదు.

కొవ్వొత్తులు, ఉప్పు, వెనిగర్. కట్టెలు, కోళ్లు, చెప్పులు

1765లోనే వచ్చిన ఇంకో బ్రిటిష్ చట్టం ప్రకారం అమెరికా వలసలు తమ గడ్డ మీద దిగిన సైనికులకు బస చూపించాలి. ఆ పైన ఏమేం ఇవ్వాలో చట్టమే జాబితా రాసింది: వంట చెరకు, కొవ్వొత్తులు, ఉప్పు, వెనిగర్, పడక, వంట పాత్రలు, తాగడానికి బీరో సైడరో. న్యూయార్క్ శాసనసభ మేమివ్వమని మొండికేస్తే, ఇచ్చేదాకా మీరు చట్టాలే చేయడానికి వీల్లేదని 1767లో లండన్ ఆ సభ నోరు కట్టేసింది.

ఈ జాబితా చదివితే సూర్యాపేట, హుజూర్‌నగర్, జనగామ తాలూకాల ముసలివాళ్లకు ఆశ్చర్యం వేసేది కాదు. వెట్టి చాకిరీ కింద ఏ కులం ఏమివ్వాలో ఇక్కడా ఒక జాబితా ఉండేది, అచ్చు కాకపోయినా అందరికీ కంఠతా వచ్చిన జాబితా. ఊళ్లో గిర్దావరో, పోలీసు అమీనో, దొర చుట్టమో దిగితే చాకలి ఇంటిపని చేయాలి, కుమ్మరి కుండలు తేవాలి, మాదిగ ఇంటికొక మనిషి కట్టెలు కొట్టి మోయాలి, ఉత్తరం పట్టుకుని పరుగెత్తాలి. గొల్ల గొర్రెను, ఇంటింటివాళ్లు కోళ్లను ఇచ్చుకోవాలి. గీత కార్మికుడు అయిదో పదో తాళ్లు దొర పేర వదిలెయ్యాలి. చెప్పులు, మోట బొక్కెనలు, తోలు వార్లు కుట్టి ఇచ్చేవాళ్లకు చేతిలో పడేది పిడికెడు గింజలు, ఒక్కోసారి అదీ లేదు. దొర ఇంటి ఆడవాళ్లు మేనాలో ఊరు వెళ్తే బోయీలు భుజం పట్టాలి, ముందొకడు పరుగెత్తాలి. ఆ పూట సొంత చేను ఎండిపోతున్నా సరే.

రెండు జాబితాల్లోనూ కట్టెలున్నాయి. తేడా ఒకటే. న్యూయార్క్ వాళ్లు కాదనడానికి వాళ్లకొక శాసనసభ ఉంది. పాలకుర్తి, కడివెండి, బాలెంల వాళ్లకు కాదనడానికి ఒళ్లు తప్ప ఏమీ లేదు. వెట్టి కూడదని నిజాం సర్కారు కాగితం మీద ఉత్తర్వులిచ్చింది, వాటిని అమలు చేయాల్సిన అధికారులే వెట్టి తీసుకునేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దాని మీద లెవీ ధాన్యం వచ్చి పడింది. పెద్ద దొరల గాదెలు తప్పించుకుని చిన్న రైతు గరిసె ఖాళీ చేసిన లెవీ అది.

సభ పెడితే నేరం

తేయాకు పారబోసినందుకు కసి తీర్చుకోవడానికి లండన్ 1774లో మసాచుసెట్స్ మీద ఒక చట్టం తెచ్చింది. ఊరి సభ ఏడాదికి ఒక్కసారే, ఆ పైన పెట్టుకోవాలంటే గవర్నర్ అనుమతి కావాలి. బోస్టన్ పెద్దలు దానికి కనిపెట్టిన విరుగుడు ముచ్చటైనది. గవర్నర్ గేజ్ పిలిచి నిలదీస్తే, మేము కొత్తగా సభ పెట్టనే లేదు, చట్టం రాకముందు పెట్టిన పాత సభే వాయిదాల మీద వాయిదాలు పడుతోందన్నారు. ఇలాగైతే ఈ సభ పదేళ్లయినా నడుస్తుందని గేజ్ విసుక్కున్నాడట.

నిజాం రాజ్యంలో దీనికి సమానం గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు. ముందుగా అనుమతి లేనిదే సభ పెట్టకూడదు. అందుకే ఇక్కడ రాజకీయం నేరుగా రాజకీయంలా మొదలవలేదు. గ్రంథాలయంగా, పఠన మందిరంగా, భాషాసేవగా మొదలైంది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 'నీలగిరి' వారపత్రిక తెచ్చారు. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి ఆంధ్ర మహాసభ జరిగింది. 1941లో కోదాడ పక్కనే ఉన్న చిలుకూరులో జరిగిన మహాసభకు రావి నారాయణరెడ్డి అధ్యక్షులయ్యారు. (అమెరికా వీసా కోసం ప్రదక్షిణలు చేసే చిలుకూరు వేరు, అది హైదరాబాద్ పొలిమేరల్లో ఉంది. అమెరికా ఊసున్న వ్యాసంలో ఈ మాట చెప్పకపోతే గొడవ.) అప్పటిదాకా వకీళ్లు, చదువుకున్నవాళ్లు ఎక్కువగా కూర్చునే సభ ఆ తర్వాత పల్లెల్లో 'సంగం' అయింది. 1944 భువనగిరి సభ నాటికి సభ్యత్వ రుసుం ఒక అణా. కూలివాడు కట్టగలిగిన మొదటి రాజకీయ రుసుం అదేనేమో.

కృష్ణ కవతల పుల్లరి

మిర్యాలగూడ నుంచి వాడపల్లి దాకా వెళ్తే మూసీ వచ్చి కృష్ణలో కలుస్తుంది. ఇవతలి గట్టు నిజాంది, అవతలి గట్టు ఇంగ్లీషువాళ్ల పల్నాడు. 1882 మద్రాసు అడవి చట్టం వచ్చాక ఆ గట్టున పశువును అడవిలోకి తోలితే తలకింత పుల్లరి కట్టాలి. తాతల నాటి నుంచి మేపుకుంటున్న అడవికి కొత్తగా బాడుగేమిటని పల్నాడు రైతులు ఎదురు తిరిగారు. మించాలపాడు దగ్గర 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో కన్నెగంటి హనుమంతు చనిపోయాడు.

అమెరికాలోనూ అడవి తగాదా ఉంది. ఓడ స్తంభాలకు పనికొచ్చే పెద్ద పైన్ చెట్లు రాజుగారివని వాటి మీద గొడ్డలితో బాణం గుర్తు చెక్కేవారు. సొంత భూమిలో చెట్టు కొట్టుకున్నా జుల్మానా. 1772 ఏప్రిల్‌లో న్యూ హాంప్‌షైర్‌లోని వేర్ ఊరివాళ్లు జుల్మానా వసూలుకు వచ్చిన షెరీఫును తెల్లవారుజామున బెత్తాలతో బాది, గుర్రం తోక, జూలు కత్తిరించి పంపారు. అక్కడ గుర్రం పరువుతో సరిపోయింది, ఇక్కడ ప్రాణం పోయింది.

లక్షన్నర ఎకరాల ఆసామి

భూమి రికార్డుల్లో నల్లగొండకు దేశంలో పోటీ తక్కువ. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం మీద రాసిన పుస్తకంలో ఇచ్చిన లెక్కలివి: విసునూరు దేశముఖుకు నలభై వేల ఎకరాలు, సూర్యాపేట దేశముఖుకు ఇరవై వేలు, ఎర్రపహాడు జన్నారెడ్డి దేశముఖు కుటుంబానికి లక్షా యాభై వేలు. తిరగబడ్డవాళ్ల లెక్క కూడా ఆ పుస్తకంలోనే ఉంది. 1946 జులై 4న కడివెండిలో దొడ్డి కొమరయ్య కాల్పులకు బలైన నాటి నుంచి 1951 అక్టోబర్ దాకా మూడు వేల గ్రామాల్లో జనం తమ కమిటీలు పెట్టుకున్నారు, పది లక్షల ఎకరాలు పంచుకున్నారు, నాలుగు వేల మంది చనిపోయారు. ఇవి పోరాటం నడిపిన కమ్యూనిస్టు పార్టీ నాయకుడు ఇచ్చిన అంకెలని గుర్తుంచుకుని చదవాలి. అయినా అందులో సగం నిజమైనా రికార్డే.

సూర్యాపేట తాలూకా కరివిరాల కొత్తగూడెంలో దొరల ఇంట పుట్టిన మల్లు స్వరాజ్యం పదహారేళ్ల వయసుకే దళంలో ఉంది. ఆమె తల మీద సర్కారు పదివేల రూపాయలు ప్రకటించింది. అదే మనిషి 1978లో, 1983లో తుంగతుర్తి నుంచి అసెంబ్లీకి వెళ్లింది. 2022 మార్చి 19న కన్నుమూసింది. ఒక సర్కారు తలకు వెల కట్టిన మనిషికి తర్వాతి సర్కారు జీతం, పింఛను ఇవ్వడం ప్రజాస్వామ్యం చేయగల మంచి చమత్కారాల్లో ఒకటి.

రాజా ఒకవైపు, రైతులు ఒకవైపు

మునగాల రాజా నాయని వెంకట రంగారావు పేరు తెలుగు సాహిత్య చరిత్రలో గౌరవంగా వినిపిస్తుంది. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవారిలో ఆయనొకరు. విజ్ఞాన చంద్రికా మండలి స్థాపించిన కొమర్రాజు లక్ష్మణరావు ఆయన సంస్థానంలో దివాను. పత్తి మీద పరిశోధనకు పింగళి వెంకయ్య ఆ పరగణాలోని నడిగూడెంలో కొన్నేళ్లున్నారు. జాతీయ జెండా ఆలోచన అక్కడే పుట్టిందని ఆ ఊరివాళ్లు ఇప్పటికీ చెప్తారు. జెండా నమూనాను వెంకయ్య గాంధీకి ఇచ్చింది మాత్రం 1921లో బెజవాడలో.

ఇంత పేరున్న రాజా గారి రైతులే 1930లలో ఆయన మీద సత్యాగ్రహం చేశారు. నండూరి ప్రసాదరావు నడిపిన ఆ పోరాటం వెట్టి మీద, మామూళ్ల మీద. 1908 ఎస్టేట్ల చట్టం రైతుకు సాగు హక్కు ఇచ్చినా పరగణాలో అది అమలయ్యేది అంతంతమాత్రం. పుస్తకాలు అచ్చు వేయించిన చెయ్యే మామూళ్లు వసూలు చేసింది. ఒకటి చెప్పి రెండోది దాచే వ్యాసాలు చాలా చదివాం కనుక రెండూ ఒక్కచోట రాయడం న్యాయమనిపించింది.

ఆ కాలంలోనే జమీందారీ రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా కాలినడకన వెళ్లారు. రెండు వేల మందికి పైగా, 130 రోజులు, 1,500 మైళ్లు. వెయ్యికి పైగా అర్జీలు పోగుచేసి 1938 మార్చి 27న మద్రాసు శాసనసభకు ఇచ్చారు.

దేశం దాటి దేశంలోకి

1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం బెజవాడ వైపు నుంచి హైదరాబాద్ రాజ్యంలోకి దిగింది. ఉదయం ఎనిమిదిన్నరకు కోదాడ చేరింది, మధ్యాహ్నానికి మునగాల. మునగాల అప్పటికే భారతదేశం! సొంత దేశంలోంచి బయల్దేరి, పరాయి రాజ్యం దాటి, మళ్లీ సొంత దేశంలో అడుగుపెట్టి, అక్కణ్ణుంచి మళ్లీ పరాయి రాజ్యంలోకి యుద్ధానికి వెళ్లిన సైన్యం ఇంకెక్కడైనా ఉందేమో తెలిసినవారు చెప్పాలి. మర్నాడు సూర్యాపేట మీద విమాన దాడి జరిగింది. వెనక్కి తగ్గుతూ నిజాం బలగాలు మూసీ వంతెన పేల్చాయి. కానీ దానికి కాపుగా కాల్పులు జరపలేదు. సైన్యం దాన్ని బాగుచేసుకుని ముందుకు సాగింది.

ఓట్ల రికార్డులు రెండు

అడగకుండా పన్ను వేశారని పోట్లాడినవాళ్ల జిల్లాలో ఓటు వచ్చాక ఏం జరిగింది? 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో రావి నారాయణరెడ్డి నల్లగొండ లోక్‌సభ స్థానం నుంచి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున నిలబడ్డారు. వచ్చిన ఓట్లు 3,09,162. దేశంలో అదే అత్యధికం. జవహర్‌లాల్ నెహ్రూకు వచ్చినవి 2,33,571. నల్లగొండ ఇద్దరు సభ్యుల స్థానం, ఓటరుకు రెండేసి ఓట్లు కాబట్టి అంత వచ్చాయని కొందరు తీసిపారేస్తారు. నెహ్రూ గెలిచిన అలహాబాద్ స్థానమూ ఇద్దరు సభ్యులదే. కనుక ఆ వంక చెల్లదు.

రెండో రికార్డు 1996ది. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ విషం. పళ్లు గారపట్టి, ఎముకలు వంగిపోతున్నా హైదరాబాద్, ఢిల్లీ పట్టించుకోలేదు. దుశర్ల సత్యనారాయణ నడిపిన జలసాధన సమితి అందరికీ తెలిసేలా ఒక పని చేసింది. లోక్‌సభకు నామినేషన్లు కుప్పలుగా వేయించింది. బరిలో మిగిలినవాళ్లు 480 మంది. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. పోలింగ్ వాయిదా వేయక తప్పలేదు. అదే ఏడు బెల్గాంలో 456 మంది నిలబడ్డారు. తమిళనాడు మొడకురిచ్చి అసెంబ్లీ స్థానంలో 1,033 మంది. కాబట్టి మొత్తం మీద రికార్డు వాళ్లది, లోక్‌సభ రికార్డు మనది. నల్లగొండలో గెలిచింది సూర్యాపేట మనిషి, గీత కార్మికుల నాయకుడు బొమ్మగాని ధర్మభిక్షం.

ఢిల్లీకి ఫ్లోరైడ్ కన్నా ముందు బ్యాలెట్ పుస్తకమే కనిపించింది. 1996 ఆగస్టుకల్లా చట్టం సవరించారు. లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 నుంచి 10,000 రూపాయలకు పెంచారు. స్వతంత్రులను పదిమంది ప్రతిపాదించాలన్నారు. ఇప్పుడు ఆ డిపాజిట్ 25,000. అయినా 2019లో నిజామాబాద్ పసుపు రైతులు అదే దారి పట్టారు. అభ్యర్థులు 185 మంది, ఒక్కో పోలింగ్ కేంద్రంలో పన్నెండు బ్యాలెట్ యూనిట్లు పక్కపక్కన పేర్చాల్సి వచ్చింది. నల్లగొండ 480ని మాత్రం దేశంలో ఏ లోక్‌సభ స్థానమూ ఇంకా దాటలేదు.